గ్లూకోమీటరుకు పట్టిన చీమలు

గ్లూకోమీటరు పెట్టె మీద చీమలు కనబడిన రోజు శాంతకుమారికి మొగుడి మీద మిగిలిన కాస్త నమ్మకమూ పోయింది.

రెండు నెలలుగా ఆ ఇంట్లో పంచదార దేవుడి గదిలో తప్ప మరెక్కడా లేదు. అచ్యుతరామారావు గారికి పొద్దున్నే మెంతులు నానబెట్టిన నీళ్లు, టిఫినుకు ఒకే ఒక్క పెసరట్టు, మధ్యాహ్నం కప్పు అన్నానికి రెండు కప్పుల కూర. కప్పు కొలవాల్సింది బియ్యమా, ఉడికిన అన్నమా అని ఆవిడ డాక్టరమ్మను నిలదీసి మరీ తెలుసుకుంది. ఆయన వాకింగు స్నేహితుడు, ఆటోనగర్‌లో స్పేర్‌పార్టుల షాపున్న మహమ్మద్ గారు ఇచ్చిన నేరేడు గింజల పొడి కూడా చెంచా మీద గోపురం లేకుండా కొలిచి ఇచ్చేది.

ఇంత చేసినా పరగడుపున మీటరు రెండొందల ఇరవైకి తగ్గనంటోంది. సోమవారం తెచ్చే లెక్కలు కూడా ఇలాగే ఉంటే ఇన్సులిన్ మొదలుపెడతానంది డాక్టరమ్మ. శాంతకుమారి బెంగ సూది గురించి కాదు. షుగరు మాత్ర వేసుకున్నాక, పదకొండింటికల్లా ఆయనకు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. గుప్పెడు మరమరాలు తింటే కుదుటపడుతున్నారు. అప్పుడు మీటరు పెడదామంటే, "రోజుకొక్క పోటు చాలే" అని చేతులు దాచేసుకుంటారు. షుగరు అంత ఉన్న మనిషికి ఈ వణుకేమిటి? దీని మీద ఇన్సులిన్ కూడా పడితే ఏమవుతుంది?

ఇప్పుడీ చీమలు.

"నిజం చెప్పండి. దొంగతనంగా ఏం తింటున్నారు?"

"దొంగతనమా! ముప్ఫయ్యేళ్లు పరీక్ష హాల్లో చీటీలు పట్టినవాణ్ణి!"

"అందుకే, దాచే చోట్లన్నీ మీకే తెలుసు."

"నీ మీటరు గుచ్చేదాకా తీర్థం కూడా నోట్లో పోసుకోవట్లేదు. చేతిలో పోసుకుని తలకు రాసుకుంటున్నా, అంతే. ఆ చీమలే సాక్షి, పో!"

శాంతకుమారి సాక్షుల్ని విచారించింది. చీమల బారు పెట్టె మీంచి దిగి, ఆయన కూర్చునే కుర్చీ చేతి మీదుగా, గోడ వారన సాగి దేవుడి గదిలోకి పోయింది. అక్కడ స్ఫటిక లింగం, పక్కన పంచామృతం గిన్నె, తేనె సీసా. రోజూ అభిషేకం ఆయనదే. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, పంచదార వేళ్లతో కలిపి అభిషేకం చేసి, పూజ కాగానే వచ్చి వేలు చాపుతారు.

"మధ్యలో చెయ్యి కడుక్కోరూ?"

"తీర్థం ముట్టిన చెయ్యి సింకులో ఎట్లా కడుగుతానే? మా నాన్న ఎన్నడైనా కడిగాడా?"

"మీ నాన్నకి మీటరు లేదు."

ఆవిడ తేనెలో వేలు ముంచి, ఆయనలాగే తువ్వాలుకు తుడుచుకుని, కొత్త సూది బిగించి తన వేలే గుచ్చుకుంది. మీటరు రెండొందల డెబ్భై నాలుగు చూపించింది.

ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "శాంతా! నీకు నాకంటే ఎక్కువుందే! ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

ఆవిడ సబ్బుతో చేతులు కడిగి, తడి లేకుండా తుడుచుకుని, ఇంకో వేలు గుచ్చుకుంది. తొంభై రెండు.

"ఇప్పుడు మీరు రండి."

సింకు దగ్గర ఆయన మళ్లీ మొరాయించారు. బాల్కనీలో మందారం కుండీ ఉంది, ఎవరూ తొక్కని చోటు కదా అని ఆవిడ రాజీ కుదిర్చింది. ముందు అక్కడ కడిగి, తర్వాత సింకులో సబ్బుతో కడిగారు. నూట ఎనిమిది! తన మాట నెగ్గిందన్న సంతోషం కంటే, లేని షుగరుకు మాత్ర ఎక్కువై వస్తోందని ఆయన పదకొండింటి వణుకుకు అర్థం దొరికిందన్న ఊరటే ఆవిడకు ఎక్కువైంది.

సోమవారం జరిగిందంతా విని డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. నరం నుంచి రక్తం తీయించి మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష చేయించింది. ఆరు పాయింట్ ఆరు వచ్చింది. ఇన్సులిన్ మాట పోయింది, మాత్ర కూడా సగానికి తగ్గింది.

"మరి మహమ్మద్ గారి పొడి గొప్పేనంటారా?" అని ఆయన ఉత్సాహపడ్డారు.

"గొప్పదనం ఆవిడ కప్పుదండీ. పొడి ఆపేయండి. ఇకముందు ఏ పొడైనా, క్యాప్సూలైనా నాకు చెప్పే మొదలుపెట్టండి. మాత్రకు తోడై షుగరు మరీ పడిపోవచ్చు."

ఇంటికొచ్చి శాంతకుమారి నోటుబుక్కులో రెండు నెలల అంకెల మీద స్కేలు పెట్టి అడ్డగీత కొట్టింది. అంత చక్కటి దస్తూరీ వృథా అయినందుకు ఆవిడకు ప్రాణం ఉసూరుమంది.

ఇప్పుడు చీమల బారు మందారం కుండీ దాకా పోతోంది. మామూలుగానైతే ఆవిడ ఈపాటికి చీమలమందు చల్లేసేదే. సాక్షులు కదా అని ఊరుకుంది.