చెట్టు మింగిన బోర్డు

అభయారణ్యం గేటు దగ్గర పొద్దున్నే పన్నెండు మంది పోగయ్యారు. పదకొండు మందికి కాళ్లకు బూట్లు, భుజాలకు సంచులు. పన్నెండో మనిషి ఇస్త్రీ దుకాణంలో పనిచేసే ఆవిడ. కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతిలో నీళ్ల సీసా. గైడు వెంట గుంపుగా తప్ప ఆ అడవిలోకి ఎవర్నీ అడుగుపెట్టనివ్వరు. అందుకని సెలవు పెట్టి మరీ వచ్చింది. చెట్లమీద ఆవిడకు అంత మోజేం లేదు. వచ్చింది పోయిన మొగుడి చేతిరాత చూసుకోవడానికి.

ఆయన ఈ అడవిలోనే ఇరవై ఆరేళ్లు వాచరుగా చేశాడు. చెట్ల పేర్లు చెక్క బోర్డులమీద ఇంటి వసారాలో కూర్చుని రాసేవాడు. రంగు డబ్బా ఆవిడ పట్టుకునేది. రాయడం అయ్యాక చివర్లో ఓ ఆకుపచ్చ చుక్క పెట్టేవాడు.

"ఆ చుక్కెందుకండీ?"

"మరి బ్రష్షు తుడుచుకోవద్దూ?"

భోజనమయ్యాక నోటుపుస్తకం తీసి ఏదో రాసుకునేవాడు. ఏం రాస్తున్నారని అడిగితే, "నీమీద చాడీలు. చదువు నేర్చుకుని నువ్వే చూసుకో" అని నవ్వేవాడు. ఆవిడకు అక్షరం ముక్క రాదు. ఆయన పోయిన నెలకి, పురుగు పడుతున్నాయని ఆ పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి వేసి, ఓ నీలం బకెట్ తీసుకుంది. ఆ తర్వాతెప్పుడో దుకాణం మేడమీద పెద్దవాళ్లకు చదువు చెబుతున్నారంటే వెళ్లి కూర్చుంది. ఏడాది తిరిగేసరికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. వచ్చిన రోజున, ఆయన రాసిన కాగితం ముక్కేదైనా మిగిలిందేమోనని ఇల్లంతా వెతుక్కుంది. స్నానాల గదిలో బకెట్ ఉంది.

ఇక మిగిలింది అడవిలో బోర్డులే.

గైడు పాతికేళ్ల పిల్ల. మెడలో రెండు ఈలలు. "నేను తల. వెనకాల ఒకరు తోక ఉండాలి. తోక ఆగితే ఈల వెయ్యాలి, అందరం ఆగుతాం. ఎవరుంటారు?"

"నడక చూస్తే తెలియడం లేదూ? పెద్దమ్మే!" అన్నాడు ఓ బ్యాంకు గుమాస్తా.

"తోక ఎవరైనా ఫర్వాలేదు. మీరు తల కాకపోతే చాలు, ఇల్లు చేరతాం," అంది అతని భార్య. అందరూ గొల్లుమన్నారు. ఒక ఈల ఆవిడ మెళ్లో పడింది.

మొదటి చెట్టుకు తళతళలాడే రేకు, దానిమీద అచ్చక్షరాలు. రెండో చెట్టుకీ అదే. మూడోదానికీ అదే. ఆవిడ వరస తప్పించుకుని ముందుకు నడిచింది.

"తల్లీ, చెక్క బోర్డులుండాలే?"

"చెదలు పట్టాయి పెద్దమ్మా. పోయిన చలికాలం పీకేశాం. మా వాచర్లు చలిమంట వేసుకున్నారు."

"అన్నీనా?"

"అన్నీ. ఇవైతే చూడండి, వానకి నానవు, ఎండకి వెలిసిపోవు."

ఆవిడ వెనక్కి తన చోటికి వచ్చేసింది. పుస్తకాలు పోయినందుకు తనను తాను తిట్టుకుంది ఇన్నాళ్లూ. ఈ మంటకు ఎవర్ని తిట్టాలి? గైడు ఏదో గూడు చూపిస్తే అందరూ తలలెత్తి చూశారు. ఆవిడ చెప్పులకేసి చూసుకుంటూ నిలబడింది.

వాగు దాటాక చెప్పు బొత్తాం ఊడింది. సరిచేసుకోవడానికి కూలబడితే, పొదల సందులోంచి, దారికి అవతల ఓ లావుపాటి మానుమీద ఆకుపచ్చ చుక్క కనిపించింది.

ఈల మాటే మర్చిపోయింది. ముళ్లు గీరుకుంటున్నా తోసుకుంటూ వెళ్లింది. చెట్టు లావెక్కుతూ లావెక్కుతూ బోర్డును సగానికిపైగా మింగేసింది. పీకితే మాను చీలుతుందని వదిలేసి ఉంటారు. చెట్టు పేరు బెరడు లోపలికి పోయింది. కింది వరస ఒక్కటే బయట ఉంది. ఆవిడ కళ్లు చికిలించి, క్లాసులో లాగే పెదవులు కదుపుతూ చదివింది.

ము. ట్టు. కో. వ. ద్దు.

ఇంకేమైనా ఉందేమోనని మళ్లీ మొదట్నుంచి చదివింది. అంతే ఉంది. తర్వాత చుక్క.

అరచెయ్యి దానిమీద ఆనించింది. తర్వాత ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, ఆయన బ్రష్షు పోయిన దారినే పోయింది. బెరడు పగుళ్లలోంచి కారిన పాలు చేతికి జిగురుగా అంటుకున్నాయి.

"అయ్యో పెద్దమ్మా!" తోక కనబడక వెనక్కొచ్చిన గైడు పరుగెత్తుకొచ్చింది. "చెయ్యి తియ్యండి! ఆ పాలు తగిలితే బొబ్బలెక్కుతాయి. అంతలేసి అక్షరాలతో రాసుంది కదా, చదువు రాదా మీకు?"

"వచ్చు తల్లీ," అందావిడ.

గైడు సీసా మూత తీసి చెయ్యి పట్టమంది. ఆవిడ గుప్పిలి మూసి కొంగు కింద దాచుకుంది. గేటు చేరేలోపే అరచెయ్యి భగభగ మండింది. గుప్పిలి మాత్రం విప్పలేదు.

మర్నాడు దుకాణంలో ఇస్త్రీపెట్టె ఎడంచేత్తో పట్టుకుంటే, యజమానురాలు ఏమైందని అడిగింది.

"మా ఆయన వద్దన్న పని చేశానమ్మా," అంది.