మెట్ల దగ్గరి పల్లం

నేను ఒక యంత్రాన్ని. చెక్కనేలను అరగదీసి నున్నగా చేయడం నా వృత్తి. పొట్టలో ఒక డ్రమ్ము, దాని చుట్టూ గరుకు కాగితం, వెనక చెక్కపొడి నింపుకొనే సంచి, వీటన్నిటినీ మించిన గొంతు. నేను నోరు విప్పితే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు. కోయంబత్తూరులో ఒక షెడ్డులో పుట్టాను. ఒక హోటలువాళ్లు ముచ్చటపడి కొన్నారు, ముచ్చట తీరాక గోదాములో పడేశారు. అక్కణ్నుంచి విడిపించి కాకినాడ తెచ్చుకున్నవాడు మస్తాన్. మొరాయిస్తే నన్ను తన్నేవాడు, తన్నిన చోటే గుడ్డపెట్టి తుడిచేవాడు. మనుషుల ప్రేమ నాకు అలాగే పరిచయం.

ఒకసారి ఒక పాత మేడకు పిలిచారు. పైఅంతస్తంతా టేకు బల్లల నేల. ఇంట్లో శేషమాంబ, ఆవిడ కోడలు హేమలత. శేషమాంబకు చూపు పోయి చాలా ఏళ్లయింది. బల్లలు పేళ్లు లేచి ఆవిడ అరికాళ్లలో గుచ్చుకునేవి. సూది పట్టుకుని వాటిని తీసే పని హేమలతది. ఈమధ్య పేడు గుచ్చుకున్న చోట చీము పట్టింది. దాంతో హేమలత అత్తగారిని పిఠాపురంలో చెల్లెలింటికి పంపి, తిరిగొచ్చేలోగా నేల బాగుచేయించాలని పట్టుబట్టింది.

నేనూ మనసుపెట్టి చేశాను. మెట్ల దగ్గర పైకి లేచిన బల్లను చదును చేశాను. మంచం పక్కన బొడిపెలా ఉన్న కణుపును అరగదీశాను. వంటింటి ముందు సందును మస్తాన్ పూడ్చేశాడు. చివర్లో హేమలతకు సరదా పుట్టింది.

"ఒక్కసారి నన్ను పట్టుకోనివ్వండి," అంది.

"పట్టుకోండమ్మా. ఎక్కడా నిలబెట్టొద్దు. నడిపిస్తానే ఉండాలి," అన్నాడు మస్తాన్.

వంటింటి గుమ్మం ముందు ఆవిడ ఫోను మోగింది. ఎవరా అని చూసింది, నిలబడింది. నన్ను నిలబెడితే నిలబడ్డ చోటే తినేస్తాను, అది నా బుద్ధి. అరచేయంత పల్లం పడింది. పాపం, హేమలత ముఖం పాలిపోయింది. వార్నీషు ఆరాక దానిమీద కాళ్లు తుడుచుకునే పట్టా వేసి ఊరుకుంది.

మస్తాన్ నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన రోజే శేషమాంబ ఊరినుంచి దిగింది.

"వెన్నపూసలా ఉందే అమ్మాయ్," అంటూ అరికాళ్లు రుద్ది మురిసిపోయింది. నాలుగడుగులు వేసి ఆగింది. బొటనవేలితో అటూ ఇటూ తడిమింది.

"హేమా, నేనెక్కడున్నానే?"

"మనింట్లోనే అత్తయ్యా."

"ఇల్లని తెలుస్తానే ఉంది. ఇంట్లో ఎక్కడో తెలవట్లేదు."

వంటిల్లనుకుని మెట్లవైపు నడిచింది. హేమలత పరిగెత్తి పట్టుకోకపోతే పడిపోయేదే. చూపు పోయిన్నాటినుంచి ఆ మేడమీద ఎవరి చెయ్యీ అడగని మనిషి నేలమీద కూలబడింది.

"ఇంక నువ్వే తిప్పాలి కాబోలు," అంది మెల్లిగా.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ దారంతా నా సంచిలో పొడిగా ఉంది.

హేమలత ఆవిణ్ని లేపి వంటింటివైపు నడిపించింది. పట్టా జారింది. కాలు పల్లంలో పడింది.

"ఇదేంటే?"

"నేనే పాడుచేశాను అత్తయ్యా. మిషను నిలబెట్టేశాను," అంది హేమలత తల దించుకుని.

శేషమాంబ ఆ పల్లం చుట్టూ వేలితో మెల్లిగా తిరిగొచ్చింది. ముఖం విప్పారింది. "అయితే ఇది వంటిల్లు. మెట్ల దగ్గరా ఒకటి పాడుచెయ్యవే. మంచం దగ్గర ఇంకోటి."

మస్తాన్ నోరెళ్లబెట్టి నా తీగ తగిలించాడు. హేమలత నన్ను కావాలనే నిలబెట్టింది. నేనూ సిగ్గు విడిచి తవ్వాను. అంచుల్లో పేళ్లు లేవకుండా మస్తాన్ చేత్తో రుద్దాడు.

ఇప్పుడు నేను పాత ఇనుము కొట్టులో, తుప్పుపట్టిన సైకిళ్ల కింద ఉన్నాను. డ్రమ్ము ఎవరో పట్టుకుపోయారు. ఎన్ని నేలలు నున్నగా చేశానో, ఏదీ గుర్తులేదు. గుర్తున్నది ఆ సాయంత్రమే. శేషమాంబ మంచం దగ్గర లేచి మెట్లవైపు ఒక్కతే నడిచింది. వెనకే, చెయ్యి చాపుకుని హేమలత. బొటనవేలు పల్లంలో పడగానే శేషమాంబ ఆగి, వెనక్కి తిరిగింది.

"నా ఎనకాల తిరగడం మాని కాఫీ పెట్టవే," అంది.