దొంగ రోగి

ఏం గోపాలరావు బావా, పరీక్షకి రక్తం తీసే వ్యాను ఊళ్ళోకి వచ్చిందనగానే పంచె ఎగ్గట్టి జీడితోటలోకి పరిగెత్తావట. అరవై దాటినా ఆ పరుగు చూస్తే ముచ్చటేస్తుంది. సిగ్గుపడకు. నీకంటే పెద్ద దొంగను నేనున్నాను. కూర్చో, నా సంగతి చెబుతాను.

మా అన్న పోలారావు కూతురు హిమజ నీకు తెలుసుగా. జార్జియాలో డాక్టరీ చదివి వచ్చింది. ఇక్కడి పరీక్ష మూడోసారికి గట్టెక్కింది. హౌస్ సర్జన్‌గా చేరాలంటే, విదేశాల్లో చదివినవాళ్ళకి ముందు పదిహేను రోజుల శిక్షణట. టెక్కలి అవతల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పెట్టారు. పన్నెండు మంది. చివరి రోజు పరీక్ష. అందులో పోతే సీటు పోయినట్టే, మళ్ళీ ఏడాది ఆగాలి. అన్న పోయాక వదిన జీడిపిక్కలు కొట్టి చదివించిన పిల్ల. ఇంకో ఏడాది అంటే మాటలా.

ఆ శిక్షణకి రోగులు కావాలి. నిజం రోగులు కాదు, దొంగ రోగులు. చీటీ మీద ఒక రోగం రాసిస్తారు. మనం మన యాసలో ఆ బాధలు చెప్పాలి, పిల్లలు కనిపెట్టాలి. ఓ రోజు ఆసుపత్రి నుంచి నాకు కబురొచ్చింది. ఊరి నాటకాల్లో వేషాలు కట్టేవాణ్ణి, ఆరో తరగతి తప్పినవాణ్ణి డాక్టర్లకి పాఠం చెప్పమంటే కాదంటానా?

రోజుకో రోగం. నడుంనొప్పి చీటీ ఇచ్చిన రోజు ఓ కుర్రాడు వచ్చి, ఎప్పటినుంచి నొప్పి అని అడిగాడు. మా ఆవిడ కాపురానికి వచ్చిన కాణ్నుంచి అన్నాను. వాడు అదీ రాసుకున్నాడు. శిక్షణ చూసే పెద్ద డాక్టరు సూర్యప్రకాష్ గారు తల పట్టుకున్నారు. "ముందు రోగి మీద చెయ్యి వెయ్యండి. స్కానింగులు తర్వాత" అని రోజూ మొత్తుకునేవారు. ఒక్కడూ వేసేవాడు కాదు. కుర్చీ దూరంగా జరుపుకుని కంప్యూటర్ వంక చూస్తూ అడిగేవారు.

హిమజ మాత్రం నన్ను వేరేగా చూసేది. ఇంటి దగ్గర కూడా అంతే. నా కాళ్ళు నొక్కి చూస్తానని రెండు మూడుసార్లు వంగింది. వంగినప్పుడల్లా దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, శీఘ్రమేవ కల్యాణప్రాప్తిరస్తు అని దీవించి పారిపోయేవాణ్ణి. నాకు తెలియదా బావా, అదెందుకు వంగుతుందో. అన్నకి కిడ్నీలు పాడయ్యాయని తెలిసేసరికే పని అయిపోయింది. ఇంటింటా కిడ్నీ జబ్బున్న ఉద్దానంలో పుట్టినవాడికి ఆ మాట ఒకరు చెప్పాలా? తెలిస్తే ఉన్నట్టు, తెలియకపోతే లేనట్టు. నీ లెక్క కూడా అదేగా.

పరీక్షకి ముందురోజు సాయంత్రం బస్సులో దాని పక్కన కూర్చుని చెవిలో చెప్పేశాను. "రేపు నువ్వు సూసేది నన్నే. నాకిచ్చిన సీటీలో గ్యాస్ అని ఉంది. నువ్వు అదే రాసీ. ఇంకేటీ ఆలోసించకు." అది నా కాళ్ళ వంకే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పదకొండు మందీ తలా ఒక దొంగ రోగిని చూసి వెళ్ళారు. హిమజ నా ముందుకొచ్చింది. పక్కన మార్కులు వేసే ఆయన. తిన్నాక గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు అంటూ నా పాఠం అప్పజెప్పాను. అది వింటూనే కింద కూర్చుని నా చెప్పు విప్పింది. పరీక్ష మధ్యలో దీవించి పారిపోవడానికి లేదు కదా. చీలమండ పైన ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కింది. ఆ వేలు తీశాక గుంట అలాగే ఉండిపోయింది, తడి ఇసకలో కాలు దిగినట్టు.

"సక్కిలిగిలొత్తందే" అని నవ్వాను. అది నవ్వలేదు. నా కింది రెప్ప లాగి చూసింది.

"ఒంటేలుకి ఎల్తే నురగొత్తందా?"

అది చీటీలో లేదు. గ్యాసే అని గొంతులో గొణిగాను.

"నురగొత్తందా సిన్నాన్నా?"

ఎన్ని వేషాలు వేశాను బావా జీవితంలో. ఆ ఒక్క మాటకి మాత్రం వేషం దొరకలేదు. "ఒత్తంది. మీ నాన్నకొచ్చినట్టే" అన్నాను.

కాగితం మీద కిడ్నీ అని రాసి, అప్పుడే నర్సుని పిలిచి రక్తం తీయించింది.

సాయంత్రం గోడకి జాబితా అంటించారు. పదకొండు పేర్లు. హిమజ పేరు లేదు.

నా రిపోర్టు పట్టుకుని సూర్యప్రకాష్ గారి గదికి వెళ్ళాను. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ నాలుగున్నర దాటింది. నేను జవాబు ముందే చెప్పేశానని, అయినా అది రాయలేదని, రాసిందే నిజమని ఒప్పుకున్నాను. ఆయన రిపోర్టు రెండుసార్లు చదివారు. పిల్ల చేసిందే డాక్టరు చేసే పని అన్నారు. కానీ చీటీలో గ్యాస్ అని ఉందట, మార్కులు చీటీ ప్రకారమే అట, జాబితా పైకి వెళ్ళిపోయిందట. సోమవారం ఓపీకి రండి అన్నారు నాతో. లేచి వస్తుంటే, "ఇంత చక్కగా నటించే మనిషిని పంపినందుకు హిమజకి మొదటి రోజే థాంక్స్ చెప్పాను" అన్నారు.

హిమజ బస్టాండులో బల్ల మీద కూర్చుని ఉంది. తెల్లకోటు మడతపెట్టి సంచిలో కుక్కేసింది. కోపమో ఏడుపో తెలియలేదు నాకు.

"నన్ను ఆ కుర్సీలో కూకోపెట్టింది నువ్వా?"

"నువ్వు ఏసం కట్టమంటే వత్తావు. నెత్తురు పరీచ్చకి రమ్మంటే రావు గదా."

"మరి ఎవరో ఒకరు సూసేవోరు గదే. నువ్వెందుకు సూడాల?"

"పద్నాలుగు రోజులు సూసినాను. ఎవడూ సెయ్యెయ్యనేదు సిన్నాన్నా."

"పోనీ గ్యాస్ అని రాసీసి, బయటకొచ్చాక నాకు సెప్పొచ్చు గదా. సీటైనా దక్కును."

అది నా వైపు తిరిగింది.

"బయటకొచ్చాక నీ కాలు నాకు దొరుకుద్దా?"

పదిహేను రోజులు ఆసుపత్రి మొత్తాన్ని ఆడించాననుకున్నాను బావా. నన్ను ఆ కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టడానికి అది ఏడాది వదులుకుంది.