అమ్మ మార్చి చెప్పిన ముగింపు

మా అమ్మ నా క్లాస్‌మేట్. నవ్వకండి, పడేవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. సాయంత్రం ఇంగ్లీషు డిగ్రీ క్లాసులో మొదటి బెంచీ ఆవిడది, ఆవిడకి దూరంగా చివరి బెంచీ నాది. అయినా వదుల్తుందా? "ఏమే, ఏమన్నా తిన్నావా?" అని అక్కణ్ణుంచే కేకేస్తుంది. నాకు తల కొట్టేసినట్టవుతుంది.

క్లాసంతా అదే బాపతు. రిటైరైన పోస్ట్‌మాస్టర్ తాతగారు, బస్సు కండక్టరు, ఆసుపత్రి నర్సు, ఇక్కడి భాష ఇంకా కూడబలుక్కుంటున్న పరదేశి అన్నదమ్ములు. అందరికీ ఉన్న ఒకే రోగం ఫీజు. అది కట్టాక పుస్తకాలకి ఏం మిగులుతుంది? అందుకని నవల ఒక్క కాపీయే కొన్నాం. టైలరు కాబట్టి అమ్మే దాని కుట్టు విప్పి తలా ఒక భాగం పంచింది. ఎవరి భాగం వాళ్ళు చదివి మిగతావాళ్ళకి కథ చెప్పాలి. చివరి భాగం అమ్మకి పడింది.

ఆ ఏడాది నాన్న ఒక్కరి ఫీజే కట్టగలనని తేల్చేశాడు. నవల పరీక్షలో డెబ్బై మార్కులు దాటినవాళ్ళకి సగం ఫీజు మాఫీ. ఇద్దరికీ వస్తే ఇద్దరం చదువుతాం, లేదంటే అమ్మ మానేస్తుంది. మానేసేది తనేనని ఆవిడే తీర్మానించేసుకుంది. నన్నడిగితేగా!

అమ్మ తన వంతు బ్రహ్మాండంగా చెప్పింది. జ్వరం తగ్గి నాయిక లేచి కూర్చుందట, కిటికీ తెరిపించుకుందట, ఆకలేస్తోందందట. పరీక్షలో అందరం అదే రాశాం.

పేపర్లు దిద్దిన మాస్టారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "ఆ పిల్ల జ్వరంతో పోయిందయ్యా బాబూ! క్లాసు క్లాసంతా బతికించేశారేంటి?"

ఒక్కరికీ డెబ్బై రాలేదు. అమ్మ లేచి నిలబడింది.

"తప్పు నాదేనండీ. నేనే మార్చి చెప్పాను."

"మరి మీ పేపర్లోనూ అదే రాశారే? మీకు తెలుసు కదమ్మా!"

"వీళ్ళకొకటి చెప్పి నేనొకటి రాస్తే ఏం బాగుంటుందండీ?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమన్నా మతి పోయిందా? ఇప్పుడు చదువు మానేస్తావా?" అని వెనకనుంచి అరిచాను. అమ్మ నా వైపు చూడలేదు, నర్సు వైపు చూసింది. అమ్మ కథ చెప్పడానికి వారం ముందే నర్సు చెల్లెలు జ్వరంతో పోయింది. అది గుర్తొచ్చాక నా కోపం ఎటు పోయిందో తెలీదు. అమ్మని గట్టిగా పట్టుకోవాలనిపించింది.

నర్సు మెల్లిగా అంది: "అక్కా, చెల్లి పోయాక దాని పెట్టెలో ఆ నవల దొరికింది. అప్పుడే చదివేశాను. మీరు మార్చారని ఆ రోజే తెలుసు నాకు."

"అయ్యో! మరి పరీక్షలో ఏం రాశావే తల్లీ?"

"మీరు చెప్పిందే రాశానక్కా. నాకదే బాగుంది."

రెండేసి డ్యూటీలు చేసి ఫీజు కడుతున్న మనిషి ఆవిడ. ఆ మాఫీ మాకెంత అవసరమో ఆవిడకీ అంతే.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మంగళవారం మళ్ళీ పరీక్ష పెడతాను. ఈసారి మాత్రం దయచేసి చంపండి" అన్నారు.

మంగళవారం అందరం గుండె రాయి చేసుకుని చంపేశాం. నాకూ అమ్మకీ మాఫీ వచ్చింది, నర్సుకీ వచ్చింది. ఫీజు కౌంటరు దగ్గర అమ్మా నర్సూ ఒకరినొకరు పట్టుకుని భోరుమన్నారు. క్యాషియరు కంగారుపడిపోయి, "సగమే కదమ్మా కట్టేది, ఇంత ఏడుపెందుకు?" అన్నాడు.