మైల తగలని చీర

మారిషస్‌లో బట్టల మిల్లు. నేత తెలిసినవాళ్లకు వర్క్ పర్మిట్ తెప్పిస్తారు. నా కాగితాలన్నీ చేరాయి, ఒకటి తప్ప. పని చేయించుకున్న షావుకారు రాసిచ్చే అనుభవ పత్రం. శుక్రవారం లోపల అది తేకపోతే పేరు తీసేస్తానని హిందూపురం ఏజెంటు జయచంద్ర చెప్పాడు.

అందుకని మూడేళ్ల తర్వాత ధర్మవరంలో గంగాధరప్ప గడప తొక్కాను.

"ఏమప్పా కుమారస్వామీ, ఇంకా బతికే ఉండావా?" అన్నాడు షావుకారు. మారిషస్ సంగతి చెప్పాను. "ఆ దేశంలో పట్టుచీరలు ఎవురు కడతారబ్బా?"

"నాకు తెలీదు. పత్రం రాసియ్యి."

రాసిచ్చాడు. కాఫీ తెప్పించాడు. నేను తాగలేదు.

బస్సు పెనుకొండలో పది నిమిషాలు ఆగింది. మూడేళ్ల కింద నా భార్య మంజులత చనిపోయింది ఆ ఊరి ఆసుపత్రిలోనే. ఆ రోజు మరదలు హేమలత ఫోన్ చేసింది. "బావా, అక్క నిన్నే అడుగుతాండాది. ఉన్నపళంగా రా."

అప్పుడు ధర్మవరంలో నా మగ్గం మీద పెండ్లిచీర ఉంది. ఇంకా మూరెడు నేయాలి. నేసేవాడి ఇంట్లో చావు జరిగితే మగ్గానికీ మైలే. మైల తగిలిన చీర పెండ్లికూతురు కట్టుకోదు. గంగాధరప్ప వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

"ప్రాణం పోకముందే కోసెయ్యప్పా," అన్నాడు.

మూరెడు నేసి, చీర కోసి, ఆయన చేతికిచ్చి పోయాను. అప్పటికే మంజులత ముఖం మీద గుడ్డ కప్పేశారు. ఆనాటి నుంచి హేమలత నా ఫోన్ ఎత్తదు.

పెనుకొండలో బస్సు దిగలేదు.

హిందూపురంలో జయచంద్ర పత్రం పైకి చదివాడు. "పద్దెనిమిదేండ్లు నా దగ్గర నేసినాడు. భార్య చావుబతుకుల్లో ఉన్నా, చీర కోసి ఇచ్చినాకనే పోయినాడు. అంత నమ్మకస్తుడు."

చదివి నవ్వాడు. "అన్నా, ఈ మాట శానా బాగుండాది. మిల్లోళ్లకు ఇట్లాంటి మనిషే కావాల. ఇంగ్లీషులో బాగా రాయిస్తా."

"ఆ మాట కొట్టెయ్."

"కొట్టేస్తే ఏముంటాది? నేసినామని అందరూ రాయించుకొస్తారు. నలభై పర్మిట్లకు రెండొందల మంది ఉండారు. ఏం, అబద్ధమా ఇది?"

"కాదు."

"మరింకేందన్నా నీ బాధ?"

సంతకం చేశాను.

ఫారంలో ఇంకో గడి మిగిలింది. "ఆడ నీకేమన్నా అయితే ఎవురికి ఫోన్ చేయాల?" అని అడిగాడు.

హేమలత నంబరు నాకు నోటికొచ్చు. చెప్పలేదు. గంగాధరప్ప నంబరు చెప్పాను.

"షావుకారుదా? సొంతోళ్లు ఎవురూ లేరా అన్నా?"

"ఆయనదే రాయి."

ఇరవై రోజులకు పర్మిట్ వచ్చింది. ఎల్లుండి ప్రయాణం. నా చావు కబురు అందుకోవడానికి ఈ జిల్లాలో ఇప్పుడు ఆయనొక్కడే ఉన్నాడు. ఆ ఫోన్ ముహూర్తాల నెలలో రావాలి. కొట్టు నిండా పెండ్లివాళ్లు కూర్చుని ఉండగా, ఆయన తన ఒళ్లో చీర పరిచి చూపిస్తున్నప్పుడు రావాలి.