తేనెకుండల కింద తగవు

తిబుర్సియా ఇంటి చూరు కింద నలభై రెండు జతల మట్టికుండలుండేవి. మూతికి మూతి ఆనించి, మధ్యన బూడిదముద్ద మెత్తి, వరసగా వేలాడదీసినవి. జతకొక తేనెపట్టు. ఆ చిన్న తేనెటీగలు కుట్టవు గానీ, కోపమొస్తే జుట్టులో దూరి కొరుకుతాయి. వాటి తేనె కాస్త పుల్లగా ఉంటుంది. కళ్లకలకకు, దగ్గుకు, బాలింతల నీరసానికి ఊరంతా ఆ చూరు కిందికే వచ్చేది.

ఆ ఈగలకు ఒక పట్టింపుంది. తగవులాడుకునే ఇంట్లో అవి ఉండవు. ఈ సంగతి ఆ కొండల్లో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. అందుకే ముప్ఫయ్యొక్కేళ్ల కాపురంలో తిబుర్సియా గానీ, ఆమె మొగుడు మసెదోనియో గానీ ఇంట్లో గొంతెత్తి ఎరగరు. అలాగని తగవులు రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా ఇద్దరూ మూతులు బిగించుకుని, కాఫీతోట దాటి, వాగు దాకా నడిచేవారు. ఆ నీళ్ల హోరులో కడుపారా తిట్టుకుని, మొహాలు కడుక్కుని, వచ్చేదారిలో ఇన్ని కట్టెపుల్లలు ఏరుకొచ్చేవారు. సగం తగవులు వాగు చేరకముందే అరిగిపోయేవి.

ఆ ఏటి వానలకు కొండచరియ జారి, తిబుర్సియా చెల్లెలు క్రిస్పీనా ఇల్లు మట్టిలో కలిసిపోయింది. మొగుడు పోయిన మనిషి. ఒక బట్టలమూట, ఒక టర్కీకోడి పట్టుకుని అక్క పంచకు చేరింది. మంచి పనిమంతురాలే. నోరు మాత్రం పక్క ఊరి సంతకు వినపడేది.

ఎండలొచ్చాయి. తేనె తీసే రోజొచ్చింది. తిబుర్సియా మోచేతుల దాకా తేనె అంటించుకుని ఐదో కుండ విప్పి ఉంది. అప్పుడే మసెదోనియో ఆదివారం పెట్టుకునే టోపీ కోసం వెతికాడు. అది దొరికింది. దాన్నిండా టర్కీకోడి కూచుని ఉంది. కోడి కింద గుడ్డుంది.

"మరదలా! నీ కోడికి పురుడు పోసుకోడానికి నా టోపీ తప్ప చోటే దొరకలేదా?"

"దొరికింది బావా, నీ తలకాయ. ఖాళీగానే ఉంది గానీ, నువ్వు అస్తమానం కదులుతుంటావని దడిసింది."

"వాగు దగ్గరికి పోండి, వాగు దగ్గరికి!" అంది తిబుర్సియా గొంతు నొక్కుకుని.

"అంతదూరం ఎలా ఆపుకోనక్కా? అక్కడికెళ్లేసరికి తిట్లు చల్లారిపోవూ!"

కోడి కూడా గొంతు కలిపింది. మసెదోనియో టోపీ లాగాడు, గుడ్డు పగిలింది, క్రిస్పీనా శోకాలు పెట్టింది. తిబుర్సియాలో ఏదో తెగింది.

"ఇద్దరూ నోళ్లు ముయ్యండి!"

ముప్ఫయ్యొక్కేళ్లుగా ఇంట్లో దాచిన గొంతు అది. ఎదురు కొండ తిరిగి అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది తనేనని తెలిసి ఆమెకు ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంటూనే పన్నెండో కుండ దాకా విప్పింది, తేనె తీసింది, బూడిదముద్ద కలిపి మూసింది.

పదిరోజులు తిరక్కముందే ఐదో కుండ మూగబోయింది. చెవి ఆనిస్తే చప్పుడు లేదు. తర్వాత ఆరోది. తర్వాత ఎనిమిదోది, తొమ్మిదోది.

పొరుగింటి నికనోరా కంచె మీదుగా తొంగిచూసింది. "నేనేం అనను వదినా. ఈగలే అంటున్నాయి."

క్రిస్పీనా మూట కట్టుకుంది. తిబుర్సియా ఆ మూట లాక్కుని అటకెక్కించింది. "వానకు ఇల్లు పోయింది చాలు, నోటికి కూడా పోతుందా? కూచో."

క్రిస్పీనా కూచుంది. ఆ క్షణం నుంచి మాట్లాడటం మానేసింది. అవునంటే తల, కాదంటే చెయ్యి. మొదటిరోజు ఇల్లు హాయిగా ఉందనిపించింది. మూడోరోజుకి వీధివాళ్లు ఎవరికైనా ఒంట్లో బాలేదా అని వచ్చి అడిగారు. ఐదోరోజు మసెదోనియో ఉండబట్టలేక, "మరదలా, నీ బీన్స్ పులుసు కంటే వాగు నీళ్లు చిక్కగా ఉంటాయి" అన్నాడు. ఆమె ఇంకో గరిటె వడ్డించి ఊరుకుంది. అతను భార్య పక్కకు జరిగి, "తిబూ, నాకు భయంగా ఉందే" అన్నాడు.

ఇంత నిశ్శబ్దంలోనూ ఇంకో రెండు పట్లు పోయాయి. తిబుర్సియాకు అన్నం సయించలేదు... తన అరుపే ఇంకా చూరు పట్టుకుని వేలాడుతోందనుకుంది.

మాటలు లేని మనిషికి పొద్దుపోదు. క్రిస్పీనా చూరు కింద పీట వేసుకుని, చూడటం ఒక్కటే పనిగా పెట్టుకుంది. పదకొండోరోజు మధ్యాహ్నం ఆమె వేసిన కేకకు పక్కింటి కుక్క లేచి పరుగెత్తింది.

"అక్కా! ఇలా రా! గూని ఈగ!"

తిబుర్సియా రొట్టెపిండి చేతులతోనే వచ్చింది. పదకొండో కుండ అతుకు దగ్గర దోమలో సగం లేని ఈగ ఒకటి, వీపు వంచుకుని, ఆగి ఆగి పరుగెడుతోంది. చూస్తుండగానే అతుకులో దూరిపోయింది.

"మా అత్త కుండల్ని తినేసింది ఇదే. లోపల గుడ్లు పెడుతుంది, పురుగులు పడతాయి. ఇదిగో, అతుకులో నా గోరు పడుతోంది చూడు."

తిబుర్సియా అటూ ఇటూ గోరుపెట్టి చూసింది. మొదటి నాలుగు కుండలూ రాయిలా ఉన్నాయి. ఐదు నుంచి పన్నెండు దాకా బూడిదముద్ద పగుళ్లిచ్చి రాలుతోంది. ఆరోజు ఏడుస్తూ కలిపిన ముద్ద అది. నీళ్లెక్కువ, బూడిద తక్కువ.

ఇక ముగ్గురూ పనిలో పడ్డారు. కుండలు విప్పి, పురుగు పట్టిన మైనమంతా గీకేశారు. బతికున్న గూళ్లను కొత్తకుండల్లోకి మార్చారు. మసెదోనియో వాడలోని పొయ్యిలన్నీ తిరిగి సింధూరచెట్టు కట్టెల బూడిదే ఏరుకొచ్చాడు. అందులో పిడికెడు సున్నం కలిపి, ముద్ద చేతికంటకుండా అయ్యేదాకా తిబుర్సియా పిసికింది. పులిసిన అనాసరసం మూకుళ్లలో పోసి చూరు కింద పెడితే, గూని ఈగలు ఆ వాసనకొచ్చి అందులో పడి చచ్చాయి. పని జరిగినంతసేపూ క్రిస్పీనా పదకొండు రోజుల బాకీ మాటలు తీరుస్తూనే ఉంది. ఎవరూ ఆపమనలేదు.

ఏడు పట్లు పోయాయి. ముప్ఫయ్యయిదు నిలిచాయి.

నికనోరా మళ్లీ తొంగిచూసింది. "అయితే తగవు వల్ల కాదన్నమాట. పురుగు వల్ల."

"పురుగెలా దూరింది? సందు ఉండబట్టి. సందెలా మిగిలింది? నేను ఏడుస్తూ ముద్ద కలపబట్టి. ఏడుపెందుకొచ్చింది?" అంది తిబుర్సియా. "పెద్దవాళ్లు ఊరికే అన్నారా వదినా?"

నికనోరా కంచె వదిలి లోపలికొచ్చింది. దగ్గుకని చెప్పి ఓ చిన్నసీసా తేనె పట్టుకెళ్లింది.

వానలకు ముందే ఊరంతా తలో చెయ్యి వేసి, గట్టినేల చూసి క్రిస్పీనాకు ఇల్లు లేపారు. తిబుర్సియా మూడు జతల కుండలు ఇచ్చింది. నువ్వే వాటిని చూసుకోవాలంది. సాయంత్రం ఈగలన్నీ గూళ్లకు చేరాక, మసెదోనియో నుదుటికి మోతపట్టె తగిలించుకుని కుండలు వీపున మోశాడు. వెనకే క్రిస్పీనా కుండలకేసి మాట్లాడుతూ బయల్దేరింది.

"ఇది నికనోరా వాళ్ల నారింజచెట్టు, మొహమాటపడకండి, తాగండి. ఈ పూలు చేదు, వద్దు. ఈ ఇంటివాడు పిసినారి..."

"ఎవరితో మరదలా?"

"నీతో కాదులే బావా. నువ్వు నడు, కుదపకు."

తిబుర్సియా గుమ్మంలో నిలబడి, ఆ గొంతు మలుపు తిరిగేదాకా విని, పొయ్యి రాజెయ్యడానికి లోపలికెళ్లింది.