అరవై మూడో నంబరు ఫారం

నేను ఒక సర్వే ఫారాన్ని. నాలుగు పేజీలు, ముప్పై ఆరు ప్రశ్నలు, ఎడమ మూల ఒక పిన్ను. ఏలూరు బస్టాండు ఎదురుగా ఒక జిరాక్స్ షాపులో నూట పద్దెనిమిది మందిమి ఒకే పూట పుట్టాం. మిషన్‌లోంచి బయటపడ్డప్పుడు అందరం ఒక్కలాగే వెచ్చగా ఉన్నాం. తర్వాత నెత్తిన నంబర్లు వేశారు. నాది అరవై మూడు.

నన్ను తయారు చేసినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ట్రాన్స్‌జెండర్ల కోసం పనిచేసే చిన్న సంస్థ వాళ్ళది. దాన్ని నడిపే వైదేహి మేడం రెండు వారాలు కూర్చుని నా ప్రశ్నలు రాశారు. వయసెంత, ఏం పని చేస్తారు, ఇల్లు అద్దెకు దొరుకుతోందా అని మెల్లగా మొదలుపెట్టి, మనిషి కాస్త కుదుటపడ్డాక ముప్పై ఒకటో ప్రశ్న దగ్గరికి తీసుకెళ్తాను. "మీ జీవితంలో ఎప్పుడైనా ఆత్మహత్యకు ప్రయత్నించారా?" పక్కన రెండు గళ్ళు ఉంటాయి. అవును, లేదు. వచ్చిన అంకెను అధికారులకు చూపించి, పెద్దాసుపత్రిలో తమవాళ్ళ కోసం ఒక కౌన్సెలర్‌ను వేయించాలని మేడం ఆశ.

నన్ను బ్యాగులో వేసుకుని తిరిగింది ప్రియంవద. ముప్పై నాలుగేళ్ళ మనిషి. ఆమె కూడా ట్రాన్స్ మహిళే కాబట్టి తలుపులు తెరుస్తారని ఆమెను పెట్టుకున్నారు. తలుపులు తెరిచారు. నోళ్ళ సంగతి వేరు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువంటారు గానీ, ఇక్కడ చెప్పేవాళ్ళే ఆమెను తిరగేసి అడిగారు. రాస్తే పోలీసు కేసవుతుందా అంది ఒకామె. కాదన్నా నమ్మలేదు. లేదని రాయించుకుంది. అనుకోవడం కూడా లెక్కేనా అంది ఇంకొకామె. అనుకోవడం వేరు, ప్రయత్నం వేరని ప్రియంవద ట్రైనింగులో నేర్చుకున్నది వల్లిస్తే, "నీ ఇష్టం, ఏదో ఒకటి కొట్టుకో" అంది. ఎన్నోసారి సంగతి చెప్పమంటావని అడిగిన మనిషి కూడా ఉంది. ఎన్నిసార్లయినా టిక్కు ఒకటే. మంగతాయారమ్మ అనే గురువమ్మ ఇంట్లో ఆరుగురు శిష్యురాళ్ళు. వాళ్ళను ఆవిడ కూతుళ్ళంటుంది. ప్రతి ఫారానికీ పక్కనే కూర్చుని, "నా కూతుళ్ళలో అలాంటి పిచ్చిపనులు చేసేవాళ్ళెవరూ లేరమ్మా, రాసుకో" అంది. ఆరు ఫారాలూ లేదనే అన్నాయి.

నేను మాత్రం కుందన కోసం పుట్టాను. సంస్థ రిజిస్టరులోని పేర్లు చీటీలు వేసి తీస్తే అరవై మూడో చీటీ ఆమెది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. టైలరు షాపులో జాకెట్లకు హుక్కులు కుట్టేది. పెళ్ళికి ముందు రోజు జాకెట్టు కోసం వచ్చి కూర్చున్న వాళ్ళను నవ్వించడం కూడా ఆమె పనే. ఇంట్లోంచి వచ్చేసిన కొత్తలో ఆమెకు అన్నం పెట్టి, చీర కట్టడం నేర్పింది ప్రియంవదే. గురువారం ఫారం నింపడానికి వస్తానని ఫోన్ చేస్తే, "నాకేం తెల్సని రాస్తావక్కా, టీ తాగి వెళ్దువుగాని రా" అంది.

ఆ గురువారం రాకముందే, ఆదివారం కుందన ఆత్మహత్య చేసుకుంది. ఊరి నుంచి అన్నదమ్ములు వచ్చి, ఆమె వదిలేసిన పాత పేరు రాయించి, సంతకాలు పెట్టి శవాన్ని తీసుకెళ్ళిపోయారు. ఆసుపత్రి రిజిస్టరులో చనిపోయింది ఎవరో మగవాడు. అక్కడ కూడా ఆమె లెక్కలోకి రాలేదు.

గురువారం ప్రియంవద కుందన ఉండే గదికి వెళ్ళింది. ఆదివారం నుంచీ ఆమె ఏడవలేదు. అన్నం తింటోంది, బస్సెక్కుతోంది, ఫారాలు నింపుతోంది. లోపల ఏమీ అనిపించడం లేదు. కాగితాన్ని కాబట్టి నాకా స్థితి బాగా తెలుసు. మనిషి దొరకనప్పుడు కారణం రాయడానికి నా మొదటి పేజీలో నాలుగు అంకెలున్నాయి. ఇల్లు తాళం ఉంటే ఒకటి, ఊరు మారితే రెండు, ఒప్పుకోకపోతే మూడు, ఇతర కారణాలైతే నాలుగు. ఆమె నాలుగు వేసింది. దొరకని మనిషి బదులు అదే ఇంట్లో ఇంకొకరిని అడగాలని నియమం. ఆ గదిలో మిగిలింది కుందనతో కలిసి ఉండే యమున ఒక్కతే.

యమున గోడవైపు చూస్తూ ముప్పై ప్రశ్నలకు జవాబు చెప్పింది. ముప్పై ఒకటి వచ్చింది.

"నేనెప్పుడూ చెయ్యలేదక్కా" అంది. "అయినా అవుననే రాసెయ్. దాని బదులు."

"అలా రాయకూడదే. నీ సంగతే రాయాలి."

"నా సంగతి ఎవడిక్కావాలక్కా? ఆ కాయితం దానిది కదా!"

"దానిదేనే. కానీ ఒక్కటి అబద్ధమని తేలిందనుకో, మిగతావన్నీ అబద్ధాలే అంటారు. మన మాట నమ్ముదామని ఎవడూ కాచుక్కూర్చోలేదు."

అలా అన్నదే గానీ, పెన్ను అవును గడి మీద చాలాసేపు ఆగింది. తర్వాత పక్క గడిలోకి జరిగి టిక్కు పెట్టింది.

ఆపరేటర్ శేషుబాబు నన్ను రెండు నిమిషాల్లో కంప్యూటర్లోకి ఎక్కించేశాడు. నూట పద్దెనిమిదిలో నలభై అయిదు అవును. ముప్పై ఎనిమిది శాతం. నేను కూడా అవునని ఉంటే ముప్పై తొమ్మిది అయ్యేది. కుందన విలువ అంతే, ఒక శాతానికి కాస్త తక్కువ.

జిల్లా సమావేశంలో ఒక పెద్దాఫీసరు ఆ అంకె చూసి, "జాలి కోసం ఎక్కువ చేసి చెబుతారమ్మా వీళ్ళు. పైగా మీ సంస్థలో పేరున్నవాళ్ళనే అడిగారు. సగం తీసేసి చూసుకోవాలి" అన్నారు. రెండో మాటలో న్యాయముంది. ఎవరికీ చెప్పుకోకుండా బతుకుతున్నవాళ్ళ దగ్గరికి మేం వెళ్ళలేదు. మొదటి మాట ఆయన ఏ సర్వేలో కనిపెట్టారో తెలియదు. చచ్చిపోయినవాళ్ళ దగ్గరికి కూడా మేం వెళ్ళలేదన్న సంగతి ఆయనకు తట్టలేదు. కౌన్సెలర్ విషయం ఆలోచిద్దామన్నారు.

మరుసటి ఏడు కొత్త ఫారం రాయడానికి మేడం కట్టలోంచి నన్ను తీసి బల్ల మీద పరిచారు. ప్రియంవద ఎదురుగా నిలబడి ఉంది.

"ఇంకొక్క ప్రశ్న పెట్టండి మేడం. మీ ఇంట్లోవాళ్ళు, మీ స్నేహితులు ఎవరైనా అలా పోయారా అని."

"పెట్టకూడదు ప్రియా. ఇద్దరు ఒకే మనిషి గురించి చెప్పారనుకో, పోయింది ఒకరైతే లెక్కలో ఇద్దరవుతారు. అంకె తప్పిపోతుంది."

"నాకూ పోయింది, యమునకూ పోయింది. రెండు కాదా మేడం?"

వైదేహి మేడం లెక్కలు బాగా వచ్చిన మనిషి. పెన్నుకు మూత పెట్టి పక్కన పెట్టారు. ప్రియంవద అక్కడే కుర్చీలో కూలబడి, ఏడాది ఆలస్యంగా ఏడ్చింది.

ఇప్పుడు నేను ఆఫీసు వెనక గదిలో గోనెసంచిలో ఉన్నాను. అయిదేళ్ళు దాచి చించేయాలట. ఈలోగా సర్వే నిజమో కాదో తేల్చడానికి ఎవరైనా వచ్చి నన్ను తీస్తే, నాలో ఒక్క అబద్ధం కూడా దొరకదు. ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర లేదు అని ఉంటుంది. పోనీలే, ఈ ఇంట్లో అందరూ క్షేమమే అనుకుని పక్కన పెడతారు.